నోటికొక న్యాయము

శీతకాలము ప్రవేశించి, వార్షిక పరీక్షలకింకను వ్యవధి ఉన్న దినములలో పాలంపేటకు పాఠశాలల బస్సులు వరుసగా వచ్చుచుండును. పిల్లలు దిగి, జంటలు జంటలుగా నిలిచి, చెప్పులు విడిచి రుద్రేశ్వరాలయ ప్రాంగణమును ప్రవేశింతురు. ఉపాధ్యాయుడు తెలిసినంతవరకు చెప్పును: కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దీనిని ప్రతిష్ఠించినాడనియు, దేవుని పేరిటగాక శిల్పి పేరిట రామప్పగుడి యని లోకము పిలుచుట దీని విశేషమనియు, 2021 జూలై 25న యునెస్కోవారి ప్రపంచ వారసత్వ పట్టికలో చేరినదనియు. పిల్లల చూపులప్పటికే పైకి పోయియుండును. చూరుక్రింద నల్లరాతిలో నిలిచిన మదనికలు వారిని రమ్మని పిలుచుచున్నట్లుందురు. ఒకతె నడుము వంచి నాట్యభంగిమలో నిలిచినది. ఒకతె చీరను కోతి లాగుచున్నది. ఒకతె పాదములకు ఎత్తుమడమల చెప్పులున్నవి. పెద్దతరగతి పిల్లలు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకొని నవ్వుదురు. పంతులుగారు గద్దించి, ఇది కళ యని చెప్పి, వరుసను ముందుకు నడిపింతురు.

ఆ మాట సత్యమే, అది కళయే. జాయపసేనాని పదమూడవ శతాబ్దిలో నృత్తరత్నావళి యందు చెప్పిన లక్షణములకు ఈ శిల్పములు లక్ష్యములని విద్వాంసులు చూపిరి. నటరాజ రామకృష్ణగారు ఈ రాళ్లయెదుట నిలిచి, మరుగునబడిన పేరిణి తాండవమునకు మరల ప్రాణము పోసిరి. అయినను ఆ రాతినర్తకి ఒక్క దినము ప్రాణముతో క్రిందికి దిగివచ్చి, ఏ ఊరి తిరునాళ్ల వేదికమీదనో అదే భంగిమలో నిలిచినచో, ఇప్పుడు చేతులు జోడించుచున్న పెద్దలలో ఎందరామెకు నమస్కరింతురు? ఆమె దుస్తులనుగూర్చి, నడతనుగూర్చి ఉపన్యసించువారే పెక్కురుందురు. వస్తువొకటియే. ఎనిమిది వందల సంవత్సరముల దూరము తూనికరాయిని మార్చినది.

ఈ తూనికరాయి మాటలను తూచునప్పుడు మరింత విచిత్రముగా మారుచుండుట గత పదిసంవత్సరములుగా తెలుగునాట అందరి కండ్లయెదుట జరుగుచున్నది. పాటల విడుదల సభలనియు, చిత్రము విడుదలకు ముందరి వేడుకలనియు ఇప్పుడు సినిమాకు కొన్ని వేదికలు ఏర్పడినవి. అక్కడ లిఖితోపన్యాసములు ఉండవు. ఈలలే తాళము, నవ్వించినవాడే వక్త. మాట జారును. మరునాటికి ఆ తునక చేతిఫోనులమీదుగా ఊరూరు తిరుగును. పిదప ఆగ్రహము, పోలీసు ఫిర్యాదు, క్షమాపణ. ఈ క్రమము పెండ్లితంతువలె స్థిరపడినది. తంతొకటియే గాని, ఇచ్చిపుచ్చుకొనుటలు మాత్రము ఇంటింటికి వేరు.

2016 మార్చిలో, మహిళా దినోత్సవమునకు కొద్దిదినముల ముందు, “సావిత్రి” అను చిత్రపు పాటల సభలో నందమూరి బాలకృష్ణగారు మాటాడుచు, తెరమీద తాను నాయికలతో ఎట్లు ప్రవర్తించిన అభిమానులు మెచ్చుదురో వర్ణించి, స్త్రీలను కించపరచు మాట యొకటి అనిరి. అప్పటికాయన హిందూపురము శాసనసభ్యులు. విమర్శ వచ్చినది. పోలీసులకు ఫిర్యాదు పోయినది. ఎవరినీ నొప్పించుట తన ఉద్దేశము కాదని ఆయన క్షమాపణ ప్రకటించిరి. కొద్దికాలములోనే ఆ మాట మరుగున పడిపోయినది.

మరుసటి సంవత్సరము మే నెలలో “రారండోయ్ వేడుక చూద్దాం” అను చిత్రపు సభలో చలపతిరావుగారు అంతకన్న నీచమైన మాట యొకటి అనిరి. ఆడువారు మగవారి మనశ్శాంతికి చెరుపని అర్థము వచ్చు సంభాషణ మొకటి ఆ చిత్రపు ప్రచారములో ఉండెను. దానిపై తమ అభిప్రాయమేమని అడుగగా వచ్చిన జవాబది. సభలో నవ్వులు లేచినవి. వేదికపైనున్న వ్యాఖ్యాత మెచ్చుకొనెను. తెల్లవారుసరికి గాలి తిరిగినది. నిర్మాత, నాయకుడు, నాయిక ముగ్గురును బహిరంగముగా ఖండించిరి. కేసు నమోదయినది. మహిళాసంఘములు నిరసన తెలిపినవి. డెబ్బదియేండ్లు దాటిన ఆ నటుడు మాటిమాటికి క్షమాపణ చెప్పుకొనెను. మెచ్చుకొన్న వ్యాఖ్యాతయు సంజాయిషీ ఇచ్చుకొనవలసి వచ్చెను.

ఖండించినవారు తప్పు చేసిరని ఎవ్వరును అనరాదు. ఆ మాట ఖండింపదగినదే. కాని ఏడాది ముందరి మాటకు పరిశ్రమ పెద్దల నోట ఇంత గట్టి ఖండన ఏల వినబడలేదని ఒక విద్యార్థి అడిగినచో ఏమి చెప్పవలెను? ఒకరు అగ్రశ్రేణి కథానాయకులు, శాసనసభ్యులు, మహానటుని కుమారులు. రెండవవారు దశాబ్దులపాటు తెరమీద ప్రతినాయకులుగా, తండ్రులుగా, నాయకులచేత దెబ్బలు తినుచు జీవించిన సహాయపాత్రధారులు. ఒకరిని కోపించిన రేపటి చిత్రమునకు చిక్కు; రెండవవారిని కోపించిన ఎవరికిని నష్టము లేదు. బాలకృష్ణగారు 2019లోను, 2024లోను మరల ఎన్నికైరి; 2025లో పద్మభూషణులైరి. ఆ గౌరవము ఆయన కళకు, సేవకు వచ్చినది. దానికిని ఆనాటి మాటకును సంబంధము లేదు. అట్లు సంబంధము లేకుండ విడదీసి చూచు ఔదార్యము చిన్న నటుని విషయమున ఎవరికిని స్ఫురింపలేదు.

అత్త కొట్టినది అడుగోటి కుండ, కోడలు కొట్టినది కొత్త కుండ అని మన ఇండ్లలో సామెత. ఆ సామెత కట్టిన కోడలికి తెలుగు సినిమాసభలను చూచు యోగము లేకపోయినను, అక్కడి న్యాయము మాత్రము ఆమెకు బాగుగా తెలిసియుండెను.

ఇది మాటాడినవాని బలమునుబట్టి తూచుట. నొచ్చినవాని బలమునుబట్టి తూచుట మరియొకటి. 2025 జనవరిలో ఒక చిత్రపు సభలో దర్శకుడు నక్కిన త్రినాథరావుగారు వేదికపైనున్న నటీమణి శరీరమునుగూర్చి అనరాని మాటలనిరి. తెలంగాణ మహిళా కమిషను తనంతట తానే విచారణకు పూనుకొనెను. దర్శకుడు క్షమాపణ చెప్పిరి. మరుసటి నెలలో “లైలా” చిత్రపు వేడుకలో నటుడు పృథ్వీగారు మేకల సంఖ్య నొకదానిని చెప్పి నవ్వించిరి. నూటయేబదియొక్క స్థానములనుండి పదునొకండు స్థానములకు దిగిన ఒక రాజకీయపక్షమును ఎగతాళి చేయుటయే అది యని ఆ పక్షమువారు గ్రహించిరి. అంతట ఆ చిత్రమునే బహిష్కరింపుడని పిలుపులు హోరెత్తినవి. నటుడనిన మాటకు నాయకుడును నిర్మాతయు పాత్రికేయులయెదుటికి వచ్చి, దానితో తమకేమియు సంబంధము లేదని చెప్పుకొని, మన్నింపుడని కోరిరి. ఒక స్త్రీ దేహమును వేదికపై అంగడిసరుకువలె వర్ణించినందుకు ఆమెచుట్టునున్నవారు నవ్వి ఊరకుండిరి; ఒక పక్షమునకు వచ్చిన స్థానములను లెక్కపెట్టినందుకు చిత్రమే మునిగిపోవునేమో అన్నంత భయము పుట్టినది. రెండిటిలో ఏది పెద్ద నేరమో ఎనిమిదవ తరగతి పిల్లవాడు చెప్పగలడు. ఏది పెద్ద గొడవ అయినదో అందరికిని తెలియును.

ఇక పాలంపేటకు దగ్గరి విషయమునకు వత్తము. 2025 ఏప్రిల్ 22న పహల్గాములో జరిగిన ఘాతుకము దేశమును కలచివేసియున్న దినములవి. నాలుగు రోజులైన పిమ్మట హైదరాబాదులో “రెట్రో” అను తమిళ చిత్రపు వేడుక జరిగినది. అందు విజయ్ దేవరకొండగారు ఆవేశముతో మాటాడుచు, ఆ దుండగులు ఐదువందల యేండ్ల క్రిందట తెగలవారు కొట్టుకొన్నట్లు బుద్ధిలేక పోరుచున్నారను అర్థము వచ్చునట్లు పలికిరి. గిరిజన సంఘములు నొచ్చుకొన్నవి. తాను ఆ పదమును నేటి షెడ్యూల్డు తెగలనుద్దేశించి వాడలేదనియు, ప్రాచీన మానవసమూహములను అర్థముననే వాడితిననియు, ఎవరైన నొచ్చుకొనినచో విచారించుచున్నాననియు ఆయన మే నెల ఆరంభమున వివరణమిచ్చిరి. జూన్‌లో రాయదుర్గము పోలీసులు షెడ్యూల్డు కులముల, తెగల అత్యాచార నిరోధక చట్టము క్రింద కేసు నమోదు చేసిరి.

ఆయన మనస్సులో దురుద్దేశము లేకుండవచ్చును. లేదనియే నమ్ముదము. ఉగ్రవాదులను నిందింపబోయి దారిన పోవువారిని తగిలిన మాట యది. కాని రామప్పగుడి ఉన్న ములుగు జిల్లాలో నిలిచి విన్నవారికి ఆ మాట మరియొక విధముగా వినబడును. ఈ జిల్లాలోనే మేడారమున్నది. అక్కడ రెండేండ్లకొకమారు మాఘమాసమున సమ్మక్క సారలమ్మల జాతర జరుగును. లక్షలకొలది జనము బంగారమని పిలిచి బెల్లము సమర్పింతురు. వారి కథ అందరెరిగినదే. అనావృష్టివలన పంటలు పండలేదు. కప్పము కట్టలేమని కోయదొర పగిడిద్దరాజు తెలిపెను. ప్రతాపరుద్రుని సేన వచ్చి పైబడినది. తండ్రి, బిడ్డలు, అల్లుడు పోరులో కూలిరి. జంపన్న పడిన సంపెంగవాగు జంపన్నవాగైనది. సమ్మక్క చిలుకలగుట్టలో అదృశ్యమైనది. ఇది కథ యనినను, చరిత్ర యనినను, ఈ ప్రాంతపు జ్ఞాపకము. ఐదువందల యేండ్లకుగాదు, అంతకును మరి రెండువందల యేండ్లకు ముందటి పోరు. పంట లేనప్పుడు పన్ను కట్టలేమనుట బుద్ధిలేని పని యగునా? ఏ రాజవంశపు సేనాని రామప్పగుడిని కట్టించెనో ఆ వంశపు సేనయే ఆ బిడ్డలను చంపినది. శిల్పమును చూపించునప్పుడు ఈ మాటయు చెప్పు ఉపాధ్యాయులు కొందరున్నారు. వారు ధన్యులు.

గిరిజనుల పోరాటములు ఆ కథతో ఆగలేదు. 1922 నుండి 1924 వరకు జరిగిన రంపపోరులో అల్లూరి సీతారామరాజు వెంట నిలిచిన గాము సోదరులలో మల్లుదొర 1952లో విశాఖపట్టణమునుండి లోకసభకే ఎన్నికైనాడు. కొమురం భీము 1940లో జోడేఘాటులో ప్రాణమొడ్డినది భూమికొరకు, అడవిమీద హక్కుకొరకు. బుద్ధిలేని పోరాటములు ఇవి కావు. ఈ కథలను తెరకెక్కించి ధనము గడించినది కూడ ఆ సినిమా పరిశ్రమయే.

ఇక్కడ ప్రజల స్పందన యేమి? నొచ్చుకొన్నవారు గిరిజన సంఘములవారు; ఫిర్యాదు చేసినవారు వారే; వార్తలలో కనబడినవారు వారే. రెండు నెలల క్రిందట మేకల లెక్కకు మిన్నంటిన కోపములో పదియవ వంతైన ఇందులకు లేవలేదు. అభిమానులు నోరు జారినదనిరి. కొందరు ఇంత చిన్నమాటకు కేసేల యనిరి. ఆ ఆగ్రహము గిరిజనుల ఆగ్రహముగా మిగిలిపోయినదే గాని, తెలుగువారి ఆగ్రహము కాలేదు. స్త్రీలను అవమానించిన స్త్రీలు, గిరిజనులను అవమానించిన గిరిజనులు, పక్షమును అవమానించిన ఆ పక్షమువారు మాత్రమే కోపించు సమాజములో, ఎవరి గుంపు పెద్దదో వారి పరువే పెద్దదగును.

ఒక్క వాక్యమునకు కేసు పెట్టవచ్చునా యని అడుగువారు మరియొకటి గమనింపలేదు. వాక్యము వెనుక ఎన్ని చిత్రములున్నవి? నెత్తిన ఈకలు, మెడలో పూసలు, ముఖమున మసి, వచ్చీరాని తెలుగు: నాయకుడు మారువేషములో నాయిక ఇంటికి పోవలసినప్పుడెల్ల తెలుగు సినిమా కోయదొరను పిలిచినది. సోది చెప్పించి, నవ్వించి పంపినది. ఆ భాష ఏ కోయపల్లెలోను ఎవ్వరును మాటాడరు. అయినను దశాబ్దులుగా కుటుంబములన్నియు కూర్చుండి నవ్వినవి. నవ్వినవారిలో గురువులున్నారు, శాసనకర్తలున్నారు. చాలదన్నట్లు పాఠశాల వార్షికోత్సవములలో ఆ వేషము పిల్లలకు వేయించి బహుమతులిచ్చుటయు కలదు. వేదికమీద తొందరపాటున జారిన మాట నేరమగుచున్నది. నలుగురు కూర్చుండి ఆలోచించి వ్రాసి, డబ్బిచ్చి అలంకరించి, తాపీగా చిత్రించిన అవమానము హాస్యమగుచున్నది. 2017లోను అదియే జరిగినది. ప్రశ్నగా అడిగిన సంభాషణము ప్రచారపు వాక్యము. దానిని ఎవ్వరును తప్పుపట్టలేదు. దానికి వచ్చిన జవాబు మాత్రమే తప్పయినది.

ఇది సినిమాతో పుట్టిన జాడ్యము కాదు. తెలుగు సాహిత్యము చదువుకొన్నవారికి ఇంతకన్న గొప్ప ఉదాహరణము గుర్తుండవలెను. పదునెనిమిదవ శతాబ్దిలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానమున ముద్దుపళని యను గణిక ఉండెను. ఆటపాటలలో ఆరితేరినది, చదువుకొన్నది, “రాధికాసాంత్వనము” అను శృంగారప్రబంధము రచించినది. ఆంధ్ర కవుల చరిత్ర వ్రాయుచు కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఈమె కవితలోని మాధుర్యమును, సంస్కృతాంధ్రములలో ఆమె పాండిత్యమును ఒప్పుకొనిరి. పిదప, ఈ గ్రంథములోని పెక్కు భాగములు స్త్రీలు వినదగనివనియు, ఇక స్త్రీ నోట వెలువడుట ఎంతమాత్రము తగదనియు తీర్పు చెప్పిరి. తెలుగుదేశమున స్త్రీల కొరకు పంతులుగారికన్న ఎక్కువ పాటుపడినవారు లేరు. ఆయనకే ఈ పొరపాటు జరిగినదనగా, సామాన్యుల మాట చెప్పనేల?

ఆ తీర్పును ఎదిరించినది మరియొక కళాకారిణి. బెంగుళూరు నాగరత్నమ్మగారు మూలప్రతులు వెదకి, అంతకుముందరి ముద్రణములో లోపించిన భాగములనుగూడ చేర్చి, 1910లో రాధికాసాంత్వనమును వావిళ్లవారిచే ప్రకటింపజేసిరి. పీఠికలో ఆమె వేసిన ప్రశ్న సూటియైనది. సిగ్గు స్త్రీలకే ఉండవలెనా, పురుషులకు అక్కరలేదా? ముద్దుపళని వేశ్య కనుక వ్రాయగూడదందురా, అట్లయిన కులీనులైన పురుషకవులు వ్రాసిన అంతకుమించిన శృంగారమునకు ఏమందురు? పంతులుగారే పరిశీలించి ప్రకటనకు సమ్మతించిన వైజయంతీవిలాసములో ఉన్నవాటి సంగతి యేమి? ఆ వైజయంతీవిలాసము విప్రనారాయణుని దేవదేవి వలలో వేసికొన్న కథ. అదే కథను 1954లో భానుమతిగారు, అక్కినేని నాగేశ్వరరావుగారు నటించి తెరకెక్కించినప్పుడు జనము భక్తితో చూచి వచ్చిరి.

పీఠిక ప్రశ్నకు జవాబు పండితులనుండి రాలేదు, పోలీసులనుండి వచ్చినది. 1911లో ప్రతులు పట్టుకొనిపోయిరి, ప్రకాశకులపై అభియోగము మోపిరి, గ్రంథము నిషేధమైనది. పండితులు పలువురు నిషేధము తగదని విన్నవించినను ప్రభుత్వము వినలేదు. ఆ నిషేధము పురుషులు వ్రాసిన మరికొన్ని ప్రబంధములకును తగిలినదని చెప్పుట న్యాయము. కాని గొడవ మొదలైనది పురుషుల పుస్తకములతో కాదు. తరతరములుగా రాజసభలలో, అగ్రహారములలో, పాఠశాలలలో చదువబడిన శృంగారము, ఒక గణిక వ్రాసినదని మరియొక గణిక సగర్వముగా ప్రకటించినప్పుడే అశ్లీలమై కనబడినది. టంగుటూరి ప్రకాశము పంతులుగారు మదరాసు ప్రభుత్వమునకు నాయకులుగానున్న కాలమున, 1947లో, ఆ నిషేధము తొలగినది. 1952లో పుస్తకము మరల వెలువడినది. ఆ సంవత్సరమే నాగరత్నమ్మగారు కన్నుమూసిరి. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి ఆలయము కట్టించినదామెయే. ఆ ఆరాధనోత్సవమున స్త్రీలు పాడరాదని నిలిపివేసిన కాలమును చూచినదియు ఆమెయే. గాత్రము పనికివచ్చెను, ధనము పనికివచ్చెను, నోరు మాత్రము పనికిరాలేదు.

ఇంతవరకు చదివినవారిలో కొందరికి ఒక సందేహము కలుగవచ్చును. అందరినీ ఒకే కొలతతో కొలువవలెనన్నచో, సన్నివేశము, ఉద్దేశము, హోదా, ఇవన్నియు లెక్కలోనికి రావా? తప్పక రావలెను. ముద్దుపళని మాటయు సినిమావేదికమీది మాటయు ఒక్కటి కావు. ఒకటి రాధయొక్క, కృష్ణునియొక్క ప్రేమను స్త్రీ తన గొంతుతో చెప్పిన కావ్యము; రెండవది ఎదుటనున్న స్త్రీలను తక్కువచేసిన ఎకసెక్కెము. ఈ భేదము తెలియక రెండిటినీ బూతు క్రిందనే జమకట్టుటయు తూనిక తప్పుటయే. హోదాను లెక్కించుట తప్పుకాదు. తలక్రిందులుగా లెక్కించుట తప్పు. శాసనసభ్యుని మాటకు సహాయనటుని మాటకన్న ఎక్కువ బాధ్యత ఉండవలెను. లోకములో తక్కువ ఉన్నది. నోరులేనివారిని నొప్పించిన మాటకు ఎక్కువ కోపము రావలెను. లోకములో వారికి జరిగినదే తక్కువగా కనబడును. లక్ష గొంతుకలున్న పక్షమునకు జరిగిన పరాభవము దానంతటదే సరిదిద్దుకొనును.

మరియొక అపాయము సున్నితమైనది. ద్వంద్వనీతి అను నింద ఈమధ్య న్యాయము కొరకుగాక తప్పించుకొనుటకు ఎక్కువగా పనికివచ్చుచున్నది. మావాడినే అనుచున్నారు, ఆనాడు వారివాడు అనలేదా యని ప్రతిపక్షమును అడుగుదురు. అడిగి, ఇద్దరిని శిక్షింపుడని కోరరు. ఇద్దరిని విడువుడనియు కోరరు. మావానిని విడువుడని మాత్రమే కోరుదురు. అల్లరి చేసి పట్టుబడిన పిల్లవాడు పక్కవాని పేరు చెప్పుట ఉపాధ్యాయులెరుగనిది కాదు. ఆ పక్కవాడు అల్లరి చేసినమాట నిజమే కావచ్చును. అంతమాత్రమున మొదటివాని అల్లరి తరుగదు. పక్కవానిని విచారించుట పంతులుగారి విధి. దానిని రేపటికి వాయిదా వేసినచో మాత్రము ఆ పిల్లవాడు చెప్పినదే గెలుచును.

తరగతిగదిలోని తూనికరాళ్లను గురించి కూడ ఒక మాట చెప్పక తప్పదు. మొదటి బల్లమీది పిల్లవాడు ఒక పరిహాసమాడిన చురుకైనవాడనిపించును. చివరి బల్లమీదివాడు అదేమాట అనిన పోకిరి యనిపించును. ఊరి పెద్ద కొడుకు ఆడపిల్లను వెక్కిరించిన మందలింపు. కూలివాని కొడుకు వెక్కిరించిన తండ్రిని పిలిపింపు. తండాలనుండి, గూడెములనుండి వచ్చి వసతిగృహములలో చదువుకొనుచున్న పిల్లలను యాసనుబట్టి పిలుచు పేర్లు ఉపాధ్యాయుల చెవులకు వినబడని దినమున్నదా? వేదికమీది నటుని మాటకు కలిగిన కోపము ఆ పేర్లకు కలుగనప్పుడు, అది కోపము కాదు, వినోదములో మరియొక భాగము.

పాలంపేటకు పిల్లలను తీసికొనిపోవు ఉపాధ్యాయులు చేయదగిన చిన్నపని యొకటి ఉన్నది. రామప్ప చెరువుగట్టున భోజనములకు కూర్చున్న వేళ దానికి చాలును. సభలలో, పుస్తకములలో వివాదమైన మాటల సారమును నాలుగైదు చీటీలపై వ్రాయవలెను, అన్నదెవరో వ్రాయరాదు. ఎవరిని అన్నదో మాత్రము ఉండవచ్చును. ఏది ఎంత తప్పో పిల్లలు ఒక్కొక్కదానికి మార్కులు వేయవలెను. పిదప పేర్లు చెప్పి, మార్కులు మార్చుకొనదలచినవారు మార్చుకొనవచ్చునని అనుజ్ఞ ఈయవలెను. మార్చినవాడు ఎందుకు మార్చెనో తానే నిలిచి చెప్పవలెను. తన అభిమాననటుని పేరు వినగానే మూడు మార్కులు తగ్గించిన పిల్లవానిని పరిహసింపరాదు. ఆ చీటీలకు పంతులుగారును ముందుగా మార్కులు వేసి జేబులో ఉంచుకొనిన మేలు. కోయదొర వేషమునుగూర్చిన చీటీ మరువరాదు. దానికి పిల్లలు ఎన్ని మార్కులు వేయుదురో చూచిన పిమ్మటనే తరువాతి వార్షికోత్సవపు కార్యక్రమమును నిర్ణయించుట మంచిది.

సాయంకాలమునకు వ్యవధి మిగిలినచో బస్సును అక్కడినుండి మేడారమునకు పోనీయవచ్చును. జాతర లేని యేటిలో అక్కడ రద్దీ ఉండదు. గద్దెల దగ్గర పిల్లలు కూర్చుండి కథ వినుటకు కావలసినంత చోటుండును.